గూడేనికో సభ

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పోయే దారిలో గుండుగొలను వస్తుంది. అక్కడి నుంచి దక్షిణానికి పోతే కొల్లేరు. ఉత్తరానికి ద్వారకా తిరుమల, జంగారెడ్డిగూడెం దాటి పోతే బుట్టాయగూడెం, పోలవరం కొండలు. మాలో కొందరం ఆ కొండల్లోని కోయ గూడేల్లో పుట్టి, ఉద్యోగాల కోసం ఈ మైదానానికి వచ్చినవాళ్లం. మరికొందరం ఇక్కడే కాలువగట్ల మీద, ఊరి చివర కాలనీల్లో బతుకుతున్న యానాదులం, ఎరుకలవాళ్లం. అందరం షెడ్యూల్డు తెగలవాళ్లమే అయినా మా మధ్య ఒక గీత ఉంది. ఏజెన్సీ అని ప్రభుత్వం గీసిన గీత అది. గీతకు అవతల చట్టం ప్రకారం గూడేనికో గ్రామసభ ఉంది. ఇవతల మా కాలనీలకు లేదు. ఇది ఎలా జరిగిందో మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

చట్టాలు రాకముందే మనకు సభలున్నాయి. కోయ గూడెంలో పెద్ద, పూజారి, నలుగురు అనుభవమున్నవాళ్లు చెట్టు కింద కూర్చునేవారు. విత్తనాల పండుగ ఏ రోజు చేయాలి, పోడులో ఎవరి హద్దు ఎక్కడ, ఆలుమగలు విడిపోతే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, ఇవన్నీ అక్కడే తేలేవి. ఎవరికీ జీతం లేదు. తప్పు చేసినవాడికి తప్పు వేసేవారు, కట్టాక మళ్లీ బంతిలో కూర్చోబెట్టేవారు. ఎరుకలవారికీ యానాదులకూ కులపెద్దలు, కుల పంచాయతీలు ఉండేవి. ఎరుకలవారు ఊరూరా తిరిగే రోజుల్లో ఆ పంచాయతీ కూడా వాళ్లతోపాటే తిరిగేది.

తెల్లదొరల పాలనలో ఈ సభలకు కష్టకాలం వచ్చింది. 1911 నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు రాజధానిలో ఎరుకలవారి మీద ప్రయోగించారు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచి రోజూ హాజరు తీసుకున్నారు. పక్క ఊరికి పోవాలన్నా అనుమతి అడగాల్సిన మనిషి, నాలుగు ఊళ్ల బంధువులతో కలిసి పంచాయతీకి ఎలా కూర్చుంటాడు? ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. అప్పటికి రెండు తరాలు గడిచిపోయాయి.

కొండల్లో ఇంకో సంగతి జరిగింది. అల్లూరి సీతారామరాజు అనగానే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద జరిగిన దాడి గుర్తొస్తుంది. అంతకు ముందే ఆయన కృష్ణదేవిపేట చుట్టుపక్కల గూడేల్లో తాగుడు మానమనీ, కోర్టులకు పోకుండా తగాదాలు పంచాయతీల్లోనే తీర్చుకోమనీ చెప్పారు. తుపాకీ పట్టకముందే ప్రభుత్వం ఆయన మీద నిఘా పెట్టింది. కొండజనం తమలో తాము కూర్చుని తీర్పు చెప్పుకుంటే దొరల కోర్టుతో పనేముంది? ఆ భయం వాళ్లకు ఉంది. పాఠం చెప్పేటప్పుడు మనం ఈ పంచాయతీల సంగతి కూడా చెప్పాలి.

స్వాతంత్ర్యం తర్వాత 1959 నవంబరు 1న షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ మొదలైంది. రాజస్థాన్ తర్వాత రెండో రాష్ట్రం మనదే. మంచి పనే. అయితే పంచాయతీ అంటే పెద్ద ఊరు, దాని చుట్టూ ఉన్న చిన్న ఊళ్లు. ముప్పై ఇళ్ల గూడెం అందులో ఒక మూల. చేతులెత్తి లెక్కపెడితే ఎప్పుడూ ఓడిపోయే మూల.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినప్పుడు దాన్ని షెడ్యూల్డు ప్రాంతాలకు నేరుగా వర్తింపజేయలేదు. భూరియా కమిటీ సిఫారసుల తర్వాత 1996 డిసెంబరు 24న పెసా చట్టం వచ్చింది. అందులో మనకు ముఖ్యమైన సంగతి ఒకటే. తన ఆచారాల ప్రకారం తన పనులు చక్కబెట్టుకునే గూడెమే గ్రామం, ఆ గ్రామానికి దాని సభ ఉంటుంది అంది ఆ చట్టం. మన రాష్ట్రంలో 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించారు, నియమాలు మాత్రం 2011లో వచ్చాయి. సభకు ఉపాధ్యక్షుణ్ణి, కార్యదర్శిని గూడెంవాళ్లే ఎన్నుకుంటారు.

చిన్న సభ ఏం చేయగలదో 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల్లో చూశాం. సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు జరిగాయి. అవి ఎక్కువగా డోంగ్రియా కోందుల పల్లెలు, కొన్నింటిలో పట్టుమని వందమంది ఓటర్లు లేరు. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. తవ్వకం ఆగింది. వాళ్లందర్నీ ఒక పెద్ద పంచాయతీలో కలిపి లెక్కపెట్టి ఉంటే ఆ మాట వినబడేదా అని ఆలోచించండి.

మా తప్పులు కూడా చెప్పాలి. పాత సభల్లో ఆడవాళ్లు వెనక నిలబడేవారు, వాళ్ల సంగతే తేలుస్తున్నా వాళ్ల మాట అడిగేవారు కాదు. కట్టించుకున్న తప్పు డబ్బులు ఒక్కోసారి సారాకు పోయేవి. కొల్లేరు లంకల్లో కట్టుబాటు చేతకాని బీదవాడి మీద ఎంత బరువుగా పడుతుందో ఇక్కడివారికి తెలుసు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని కింద గ్రామసభ ఎన్నుకునే హక్కుల కమిటీలో మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్లుండాలని నియమం పెట్టారు. ఆ నియమం మన పాత సభకు మంచి మందు.

ఇక గీతకు ఇవతలి సంగతి. 2019లో 50 ఇళ్లకో గ్రామ వాలంటీరు వచ్చారు. పింఛను గుమ్మంలోకి వచ్చింది, సంతోషించాం. కానీ తెచ్చి ఇచ్చేవారు వేరు, కూర్చుని తేల్చేవారు వేరు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. అలాంటి సభల్లో మేమూ నిలబడ్డాం. శ్మశానానికి దారి అడగాలని వెళ్లిన మా ఆడవాళ్లు చివర నిలబడి, పేరు పిలవక, వంటవేళకు తిరిగొచ్చారు.

తర్వాత ఒక పని మొదలుపెట్టాం. గ్రామసభకు ముందు ఆదివారం సాయంత్రం కాలనీలోనే కూర్చుంటాం. ఇంటికొకరు, ఆడో మగో. ఏం అడగాలో రెండు విషయాలే తేల్చుకుంటాం, కాగితం మీద రాసి అందరం సంతకాలు, వేలిముద్రలు వేస్తాం. సభలో చదివేది ఒక ఆడమనిషి. దారి ఇంకా పడలేదు. కానీ కాగితం తీసుకుని రసీదు ఇచ్చారు, మా శ్మశానం దారి మొదటిసారి తీర్మానాల పుస్తకంలోకి ఎక్కింది.

పోలవరం ముంపులో గూడేలు కదులుతున్నాయి. గీతకు ఇవతల కట్టిన కాలనీలోకి వచ్చిన కోయ కుటుంబానికి ఇల్లు వస్తుంది, పెసా సభ వెంట రాదు. అందుకే మేమడిగేది ఒకటే: మైదానంలోని తెగల కాలనీకి కూడా దాని సభ ఉండాలి, ఆ సభ తీర్మానాన్ని పంచాయతీ రాసుకుని జవాబు చెప్పాలి. చట్టం వచ్చేదాకా ఆదివారం సాయంత్రాలు మన చేతిలో ఉన్నాయి. చదువుకున్న పిల్లలు ఒక నోటుపుస్తకం పట్టుకుని పెద్దల పక్కన కూర్చోండి. ఎవరేమన్నారో రాయండి. ముందు మీ అమ్మ ఏమందో రాయండి.