గాలిమరల చరిత్ర: ఆస్కోవ్ నుంచి ముప్పందల్ వరకు

గాలితో ధాన్యం విసరడం, నీళ్లు తోడడం మనిషికి వందల ఏళ్లుగా తెలుసు. గాలితో విద్యుత్తు తీయడం మాత్రం 1887లో మొదలైంది. ఆ ఏడాది స్కాట్లండ్‌లో జేమ్స్ బ్లైత్ అనే ఆచార్యుడు, 1888లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ గాలిమరతో బ్యాటరీలు నింపి తమ ఇళ్లలో దీపాలు వెలిగించుకున్నారు. మరి గాలిమరలు వేల సంఖ్యలో గ్రిడ్‌కు చేరడానికి ఇంకో వందేళ్లు ఎందుకు పట్టింది? ఈ పాఠంలో ఆ సంగతి చూద్దాం.

ముందు కాగితం, పెన్సిలు తీసుకుని చిన్న లెక్క వేయండి. గాలి వేగం సెకనుకు 4 మీటర్ల నుంచి 8 మీటర్లకు పెరిగిందనుకుందాం. ప్రతి కిలో గాలిలో ఉండే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. అంతేకాదు, ఒక సెకనులో రెక్కలను దాటిపోయే గాలి కూడా రెట్టింపవుతుంది. అంటే శక్తి ఎనిమిది రెట్లు. అదే వేగం 24 మీటర్లయితే, 8 మీటర్ల నాటి శక్తికి 27 రెట్లు! మామూలు రోజున కాస్త గాలికే తిరగాల్సిన మర, తుఫాను రోజున ఈ దెబ్బను తట్టుకోవాలి. ఇంజనీర్లకు అసలు చిక్కు ఇక్కడే వచ్చింది.

అమెరికావారు 1941లో వెర్మాంట్ కొండపై 1.25 మెగావాట్ల భారీ మరను నిలబెట్టారు. 1945 మార్చిలో దాని రెక్క విరిగి ఊడిపడింది. మళ్లీ కట్టలేదు. 1983లో జర్మనీ 3 మెగావాట్ల గ్రోవియాన్‌ను నిర్మించింది. పగుళ్లతో, ఆగుతూ సాగుతూ కొన్ని వందల గంటలు మాత్రమే నడిచిన ఆ మరను కొన్నేళ్లకే విప్పేశారు. రెండు దేశాలకూ డబ్బుకు, నిపుణులకు కొదవలేదు. చిన్న మర నేర్పే పాఠం నేర్వకుండా పెద్దదానికి ఎగబడ్డారు, అంతే.

డెన్మార్క్ దారి వేరు. అక్కడ ఆస్కోవ్ అనే ఊళ్లో బడిపంతులు పౌల్ లా కూర్ 1891 నుంచి గాలిమరలపై ప్రయోగాలు చేశాడు. ఎక్కువ రెక్కలతో మెల్లగా తిరిగే మరకంటే, తక్కువ రెక్కలతో వేగంగా తిరిగే మర విద్యుత్తుకు మేలని తేల్చాడు. గాలి లేని రోజుల కోసం నీటిని విద్యుత్తుతో విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌తో బడిలో దీపాలు వెలిగించాడు. (హరిత హైడ్రోజన్ కొత్త మాటే గాని, పని పాతదే!) ఆయన శిష్యుడు జోహానెస్ యూల్ 1957లో గెడ్సర్ వద్ద 200 కిలోవాట్ల మూడు రెక్కల మరను నిలిపాడు. వేగం హద్దు మీరితే రెక్కల కొసలు వాటంతటవే తిరిగి బ్రేకుల్లా పనిచేసేవి. ఆ మర 1967 వరకు దాదాపు పెద్ద మరమ్మతు లేకుండా నడిచింది. చమురు చవకగా దొరికే రోజులు కావడంతో దానిని ఆపేశారు.

1973లో చమురు ధర నాలుగింతలయింది. దిగుమతి చమురుపైనే బతుకుతున్న డెన్మార్క్‌కు గెడ్సర్ గుర్తుకొచ్చింది. క్రిస్టియన్ రిసాగర్ అనే వడ్రంగి అదే నమూనాలో 22 కిలోవాట్ల మరలు చేసి అమ్మాడు. 1979లో ప్రభుత్వం మర ధరలో 30 శాతం భరిస్తామంది, అయితే ఒక షరతు పెట్టింది. రిసో పరీక్షా కేంద్రం ఆమోదించిన మరలకే ఆ సాయం. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఇదే. అదే రోజుల్లో కాలిఫోర్నియా, పెట్టుబడి పెట్టినవారికి పన్ను రాయితీలు ఇచ్చింది. వేల మరలు వెలిశాయి. వాటిలో నాసిరకానివి చాలా ఉన్నాయి. 1985తో ప్రధాన రాయితీలు ముగియగానే ఆ సందడి చల్లబడింది.

ఇక మన దేశానికి వద్దాం. 1986లో గుజరాత్‌లోని ఓఖా, మహారాష్ట్రలోని రత్నగిరి, తమిళనాడులోని తూత్తుకుడి తీరాల్లో తొలి పవన విద్యుత్ క్షేత్రాలు వచ్చాయి. తర్వాత డెన్మార్క్ సాయంతో మరికొన్ని పెద్ద క్షేత్రాలు వెలిశాయి. కన్యాకుమారి జిల్లాలోని ముప్పందల్ దేశంలోనే ప్రసిద్ధమైంది. నైరుతి రుతుపవనాల గాలి అక్కడి ఆరల్వాయ్‌మొళి కనుమలో ఇరుకున పడి వేగం పుంజుకుంటుంది. పైన వేసిన ఘనం లెక్క గుర్తుందిగా? అందుకే ఆ కనుమకు అంత విలువ. అనంతపురం ప్రాంతంలోని రామగిరి కొండలపైనా 1990లలో మరలు లేచాయి.

1990లలో మన దగ్గర కాలిఫోర్నియా కథే కొంత మళ్లీ నడిచింది. మరపై పెట్టిన మొత్తం ఖర్చును మొదటి ఏడాదే తరుగుదలగా చూపి పన్ను తగ్గించుకోవచ్చు. పన్ను ఆదాకు మర నిలబడితే చాలు, తిరిగినా తిరగకున్నా యజమానికి ఆ లాభం దక్కేది. 2009లో గ్రిడ్‌కు ఇచ్చిన ప్రతి యూనిట్‌కు 50 పైసల ప్రోత్సాహకం ప్రకటించడంతో లెక్క మారింది. ఇప్పుడు తిరిగితేనే డబ్బు! 2017లో వేలం పద్ధతి వచ్చింది. తొలి వేలంలో ధర యూనిట్‌కు 3 రూపాయల 46 పైసలకు దిగింది.

2025 నాటికి దేశంలో పవన విద్యుత్ సామర్థ్యం 50 వేల మెగావాట్లు దాటింది. అది స్థాపిత సామర్థ్యమని మరువకండి. గాలి రోజంతా, ఏడాదంతా ఒకేలా వీచదు గనుక, ఏడాది మీద అందే విద్యుత్తు స్థూలంగా అందులో నాలుగో వంతు, ఒక్కోచోట అంతకన్నా తక్కువ. పైగా ముప్పందల్ వంటి శ్రేష్ఠమైన స్థలాల్లో నేటికీ చాలాచోట్ల నిలబడి ఉన్నవి 500 కిలోవాట్లకు లోపు పాత పొట్టి మరలే. వాటిని తీసి ఎత్తైన కొత్తవి పెట్టేందుకు 2016లో ఒక విధానం, 2023లో సవరించిన మరో విధానం వచ్చాయి. అయినా పని మందకొడిగానే సాగుతోంది. ఎందుకంటే ఒక్కో పాత మరకు ఒక్కో యజమాని, ఒక్కో చిన్న స్థలం, ఒక్కో పాత ఒప్పందం. ఒక పెద్ద మర కావాలంటే వీరిలో చాలామంది ముందు ఒక మాట మీదికి రావాలి.