జెఱ్ఱిపోతు నాగుపామునకు మగదా?



నాగుపాములన్నియు ఆడవనియు, జెఱ్ఱిపోతులు వాటి మగవనియు మన పల్లెలలో ఒక నమ్మిక కలదు. 'పోతు' అను మాటయే దీనికి మూలమని నా యూహ. ఇవి రెండును వేఱు జాతులు. ఒక్కొక్క జాతిలోను ఆడమగలు కలవు. జెఱ్ఱిపోతునకు విషము లేదు. ఎలుకలను తినెడి దానిని నాగు మగడని చంపిన రైతునకు గాదెలోని గింజలే నష్టము.

మన సర్పములను మొదట శ్రద్ధతో పరిశీలించిన పరదేశీయుడు ప్యాట్రిక్ రస్సెల్. స్కాట్లండు వైద్యుడగు ఈయన 1785లో కుంపిణీవారి శాస్త్రజ్ఞుడుగ నియమితుడై, విశాఖపట్టణ ప్రాంతమున పాములను సేకరించి 1796లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందు తెలుగు పేళ్లనే వాడెను. రక్తపింజరిని 'కాటుకరేకుల పొడ' యనెను. కట్లపాముల జాతికి నేడు శాస్త్రములోనున్న 'బంగారస్' అను నామము ఆయన వ్రాసికొన్న 'బంగారుపాము' నుండి పుట్టినదే. తరువాత ఫ్రాంక్ వాల్ అను సైనికవైద్యుడు, ఏ మాసమున ఏ పాము కడుపున గ్రుడ్లున్నవో, పిల్లలున్నవో కోసి చూచి లెక్కలు వ్రాసెను.

ఆ లెక్కలను మన పంచాంగముతో పోల్చి చూడుడు. చలి తగ్గు దినములలో మగనాగు ఆడదానిని వెదకుచు తిరుగును. ఎండకాలమున ఆడది ఎలుకబొరియలోనో పుట్టలోనో పండ్రెండు మొదలు ముప్పది గ్రుడ్లు పెట్టి కాచుకొనును. సుమారు రెండు మాసములకు, వానల వేళకు, పిల్లలు వెడలును. కార్తికపు నాగులచవితికి పుట్టలో గ్రుడ్లుండవు.

మఱొక వింత. ఆడమగల ఋతువు లొకటి కానక్కఱలేదు. ఆడపాము మగదాని బీజమును నెలల తరబడి తన గర్భమార్గమున దాచుకొని, గ్రుడ్లు పక్వమైనపుడు వినియోగించుకొనగలదు. ఇక జెఱ్ఱిపోతులు రెండు పెనవైచుకొని నిలువున లేచినప్పుడు, కొందరు సంగమమని తలచి వస్త్రము కప్పెదరు. అవి రెండును మగవే, అది కుస్తీ!

మన మెట్టసీమకు ముఖ్యమైనది రక్తపింజరి. అది గ్రుడ్లు పెట్టదు. ఆఱు మాసములకు పైగా మోసి, మే మొదలు జూలై వఱకు ఇరువది, నలువది పిల్లలను కనును. మనము వేరుసెనగ విత్తు సమయమదే. జానెడు పిల్లకును పుట్టుకతోనే విషముండును. కఱచినచో గాయమును కోయరాదు, బిగించి కట్టరాదు. అవయవమును కదలనీయక ఆసుపత్రికి చేర్పవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి - ఈ నాలుగింటి విషమునకును ఒకే విరుగుడు మందు అచట ఇచ్చుచున్నారు.