మాదిగపల్లెలో రాజయోగం

ఒంగోలు మిషను చరిత్రను 1866లో బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్యతో ప్రారంభించుట మనకు పరిపాటి. అంతకుముందు ఆయన 'విగ్రహారాధికుడు' అని ఒక్కమాటతో దాటిపోతాము. ఆ మాట పేరయ్యకు సరిపోదు.

మిషనరీ జాన్ క్లౌ గారి సతీమణి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ పెద్దల నోట విన్న సంగతులను కూర్చి 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే గ్రంథము ప్రచురించారు. ఆ పల్లెలలో ఒకటికి మించిన సాధనలు పక్కపక్కనే ఉండెనని దానివలన తెలుస్తుంది. మాతంగి, గ్రామదేవతల కొలువు ఊరంతటిది. డప్పు, బలి, పూనకము అందులో భాగములు. మాదిగలకు అది వంతుగా వచ్చిన చాకిరీ కూడా. రామానుజ మతస్థుల దారి వేరు: నుదుట నామము, గురువిచ్చిన మంత్రము, విష్ణునామ కీర్తన.

రాజయోగము ఈ రెంటికీ దూరము. అందులో గుడి లేదు, బలి లేదు. గురువు ఏకాంతమున ఉపదేశమిచ్చును. శిష్యుడు దానిని బయటపెట్టరాదు. శ్వాసను నిలిపి, చూపును భ్రూమధ్యమున ఉంచి, రూపములేని దైవమును తనలోనే వెదకవలెను. కడప సీమలో పోతులూరి వీరబ్రహ్మము పేర నిలిచిన సంప్రదాయములో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య శిష్యులుగా కీర్తింపబడుట మనమెరిగినదే. గుడి గడప తొక్కనీయని కులమునకు గుడి అక్కరలేని సాధన దొరికినదన్నమాట! పేరయ్యకు ఉపదేశమిచ్చిన గురువు ఒక స్త్రీ, బందికట్ల వీరమ్మ. మన సంఘములలో స్త్రీల బోధను గూర్చి వాదించువారు ఈ సంగతిని గమనింతురు గాక.

హిందూమతము క్రీస్తునందు నెరవేరునని 1913లో ఫర్కూహర్ వ్రాసిన వాదమును ఇక్కడ తగిలించుట సులువే. నేను తొందరపడను. రాజయోగములో గురువును దైవముగా ఎంచుట ఉన్నది, కొద్దిమందికే పరిమితమైన గోప్యత ఉన్నది. సువార్త బహిరంగముగా చాటబడినది. అయితే నిరాకారుడైన దేవుడు, గురుశిష్య బంధము, మౌనధ్యానము పేరయ్యకు మిషనరీల వలన తెలిసినవి కావు. తొలి బోధకులలో మరికొందరు కూడా యోగగురువుల శిష్యులే.

1878 జూలై 3న వెల్లంపల్లిలో ఒక్కదినమున 2,222 మంది పొందిన బాప్తిస్మమునకు కరవునే కారణముగా చూపు చరిత్రకారులు, ఆ జనమునకు ముందుగా బోధించినవారు ఏ గురువుల యొద్ద కూర్చుండిరో అడుగలేదు.