వీడియో ముఖాముఖి ద్వారా సంఘచరిత్ర సేకరణ: గోదావరిఖని బొగ్గుబాయి ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

సాక్షిని అడిగి చరిత్ర వ్రాయడం క్రైస్తవులకు కొత్త కాదు. కన్నులారా చూచినవారి నుండి వచ్చిన సంగతులను తాను విచారించానని లూకా తన సువార్త ఆరంభంలోనే (1:1–4) తెలియజేశాడు. యోహాను తన మూడవ పత్రికను ముగిస్తూ (13–14) వ్రాతకంటె ఎదురెదురుగా మాట్లాడుకోవడమే కోరుకున్నాడు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు మన పరిశోధక విద్యార్థులకు ఈ రెండింటికీ నడుమ మరొక దారి తప్పనిసరి అయింది. అదే తెరమీద ముఖం చూస్తూ ప్రశ్నించడం. తెలుగు సంఘ పరిశోధన చరిత్రలో ఈ పద్ధతి స్థానం ఏమిటో, సింగరేణి ప్రాంతంలో దీనిని ఎంతవరకు నమ్మవచ్చునో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

జె. వాస్కామ్ పికెట్ సామూహిక క్రైస్తవోద్యమాలపై జరిపిన అధ్యయనం 1933లో గ్రంథంగా వెలువడింది. మన గుంటూరు ప్రాంతం కూడా అందులో ఉంది. వేలమంది విశ్వాసులను, మీరు ఎందుకు క్రైస్తవులయ్యారని అడిగి జవాబులను పట్టికలుగా వేశారు. అయితే పికెట్ ఉత్తర హిందూస్థానంలో పనిచేసిన అమెరికా మిషనరీ. తెలుగు పల్లెలోని మాల, మాదిగ విశ్వాసి మాట ఆంగ్ల పట్టికలోనికి చేరాలంటే మరొకరి నోటిగుండా, మరొకరి కలంగుండా పోవలసిందే. ఆ మధ్యవర్తి ఎవరు? ఉపదేశియా, బోధకుడా, బడిపంతులా? జీతమిచ్చే మిషను మనిషి పక్కన నిలబడి ఉండగా, పొలం కోసమో రక్షణ కోసమో వచ్చామని ఎవరు చెప్పగలరు?

పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ మెదక్ ప్రాంతంలోని గ్రామీణ సంఘాలపై చేసిన అధ్యయనం 1968లో ప్రచురితమైంది. క్రైస్తవ కుటుంబాలలో గ్రామదేవతల ఆచారాలు ఎంతవరకు నిలిచియున్నవో అందులో దాపరికం లేకుండా కనబడుతుంది. అటువంటి జవాబులు సంఘ పెద్ద ఎదుట వచ్చేవి కావు. నా దృష్టిలో ఆ గ్రంథం బలం దాని సిద్ధాంతంలో కంటె, ప్రశ్న అడిగినవారు అడిగిన చోటికి వెళ్లి కూర్చోవడంలో ఉంది.

ఇక మన ప్రాంతం సంగతి. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గును గుర్తించగా, గోదావరిఖనిలో త్రవ్వకం 1960ల ఆరంభంలో ఊపందుకుంది. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపడానికి నలుదిక్కుల నుండి వచ్చిన కూలీలతో పాటు వారి సంఘాలూ వచ్చాయి. మొదటి ప్రార్థనలు గుడిసెలలో, క్వార్టర్ల వరండాలలో, షిఫ్టు వేళలనుబట్టి జరిగినవే. వాటికి రిజిస్టరు ఎక్కడిది? 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు నేడు 40 వేల పరిసరాలకు తగ్గారు. పదవీ విరమణ చేసినవారు క్వార్టర్ ఖాళీచేసి సొంతూరికో, హైదరాబాదులోని బిడ్డల దగ్గరికో వెళ్లిపోయారు. ఆ తరం నేడు డెబ్బై, ఎనభై ఏళ్లలో ఉంది. వారితోపాటే ఆ చరిత్ర కూడా సమాధిలోనికి పోతున్నది.

అందువలన వీడియో పద్ధతిని తేలికగా తోసిపుచ్చలేము. ఒకే వారంలో మంచిర్యాలలోని ఒకరిని, దుబాయిలోని ఒకరిని ప్రశ్నించవచ్చు. డ్రిల్లింగు, బ్లాస్టింగు మోతలో ఏళ్ల తరబడి పనిచేసి వినికిడి తగ్గినవారికి ఫోను మాటకంటె, పెదవుల కదలిక కనిపించే తెర మేలు. చేతులు మాత్రం తెరలో కనిపించవు. పైకప్పు కూలకుండా దిమ్మె ఎలా నిలబెట్టేవారో వృద్ధ కార్మికుడు చేతులతోనే చెబుతాడు. మనకు కనిపించేది గడ్డం, నుదురు. ఇంకొక మాట: ఇక్కడివారికి అది గని కాదు, బాయి. ఈ మాట తెలియని విద్యార్థి సిగ్నల్ సరిగా లేనప్పుడు దానిని భాయి అని వ్రాసుకోగలడు.

2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆస్ట్రేలియా పరిశోధకులు 16 మంది నర్సులను జూమ్ ద్వారా ప్రశ్నించి, ఆ అనుభవం ఎలా ఉందని వారినే అడిగారు. సాంకేతిక చిక్కులు వచ్చినా ఎక్కువమంది దానినే ఇష్టపడ్డారు. ఈ ఫలితాన్ని ఉన్నదున్నట్లు గోదావరిఖనికి తేవడం తగదు. ఆ నర్సు తన కంప్యూటరును తానే తెరువగలదు, గది తలుపు తానే వేసుకోగలదు. మన రిటైర్డు ఫిల్లర్‌కు ఫోను పట్టుకునేది మనవడు. "తాతా, గట్టిగ చెప్పు" అని మధ్యలో అందించేదీ అతడే. వృద్ధురాలు "వందనాలయ్యగారు" అని మొదలుపెట్టి, సారా రోజుల ప్రస్తావన రాగానే తెర అవతలికి ఒకసారి చూచి, దేవుని కృపవలన అంతా బాగే జరిగిందని ముగిస్తుంది. ఆమె ఎవరివైపు చూచిందో మనకు కనిపించదు. కోడలు కావచ్చు, కొడుకు కావచ్చు, సంఘ పెద్దయే కావచ్చు. పికెట్ కాలపు ఉపదేశి తిరిగి వచ్చాడు. అయితే ఆనాటి మధ్యవర్తి ఎదుటనే నిలబడేవాడు, నేటివాడు తెర వెనుక ఉన్నాడు.

1980, 90 దశకాలలో సికాసకూ పోలీసులకూ మధ్య నలిగిన కాలనీలలో ఈ సంగతి మరింత బరువైనది. ఆ రోజులు చూచినవారు రికార్డింగు అనగానే జాగ్రత్తపడతారు. ఆ ఫైలు ఎవరి ఖాతాలో, ఎంతకాలం ఉంటుందో ముందే వారి భాషలో చెప్పి అనుమతి పొందాలి. పాస్టరు అడిగితే కాదనలేక ఇచ్చిన అనుమతి అనుమతి కాదు.

కొన్ని ప్రశ్నలు తెరమీద అడగకూడదని నా అభిప్రాయం. 2003 జూన్ 16న జి.డి.కె. 7 ఎల్.ఇ.పి.లోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. అదే సంవత్సరం అక్టోబరు 16న 8ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించారు. అట్టి కుటుంబంలోని తల్లి ఏడుస్తుండగా సిగ్నల్ పోతే, ఇటుపక్కనున్న పరిశోధకుడు చేయగలిగింది మరల నంబరు నొక్కడమే. ఈ సంభాషణకు బస్సెక్కి వెళ్లవలసిందే, వెళ్లినవాడు రెండవసారి కూడా వెళ్లవలసిందే.

మిగిలిన వాటికి వీడియోను వాడుకొందాం. అయితే లిఖిత ప్రతి మొదటి పుటలో తేదీ, ఊరుతో పాటు ఫోను ఎవరు పట్టుకున్నారో, గదిలో ఇంకెవరున్నారో, ఎవరు ఎప్పుడు మధ్యలో వచ్చారో తప్పక వ్రాయాలి. ఇంట్లో ఎవరూ లేని వేళ ఏదో ముందే కనుక్కొని, అదే సాక్షితో రెండవసారి మాట్లాడాలి. రెండు జవాబులు వేరుగా ఉంటే ఒకదానిని కొట్టివేయక, రెండింటినీ ప్రక్కప్రక్కనే ఉంచాలి.