వంతులవారీ తరంగములు

నెల్లూరు తీరమున బోగోలు మండలములో బిట్రగుంట రైలు స్టేషను కలదు. ఆవిరి ఇంజనుల కాలమున ఇది లోకోషెడ్డుకు ప్రసిద్ధి. ఒంటిలైనుపై రెండు స్టేషన్ల నడుమ ఒక సమయమున ఒక్క బండినే పోనిచ్చుట రైల్వేల పాత నియమము. వైర్‌లెస్ జాలములకును ఇట్టి కట్టుబాటే అవసరమైనది.

మన దేశమున 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతి లభించినది. ఇందలి చానెళ్ల నడుమ ఎడము 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కొక్క ప్రసారమో సుమారు 20 మెగాహెర్ట్జ్ ఆక్రమించును. కనుక 1, 6, 11 అను మూడు చానెళ్లే సాధారణముగా ఒకదానినొకటి తాకక పనిచేయును. నాలుగవ పొరుగువాడు వచ్చినచో చిక్కే!

ఆ సంవత్సరములలోనే పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషను ‘అశ్విని’ అను జాలముద్వారా పల్లెలకు విద్యను, వైద్యసలహాను అందించెను. ఇట్టి జాలములలో ఒకే స్తంభముపై పలు దిక్కులకు ఏంటెనా లుండును. ఒకటి పలుకుచుండగా ప్రక్కది వినజూచినచో, చెంతనున్న కేకలో దూరపు మాట మునిగిపోవును.

కాన్పూరు ఐ.ఐ.టి.లో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో ఒక ఉపాయమును ప్రకటించిరి. స్తంభముపైని ఏంటెనా లన్నియు ఒకేసారి పలుకవలెను. పిదప అన్నియు ఒకేసారి వినవలెను. పొరుగు స్తంభము ఎదురు వంతు పాటించవలెను. ఏంటెనాల దిక్కులు తగినంత ఎడముగా నున్నచో, లంకెలన్నిటికి ఒక్క చానెలే చాలును.

కాని మూడు స్తంభములు త్రిభుజముగా కలిసినచో ఈ వంతు కుదరదు. రెండు ఎదురెదురు వంతులు పుచ్చుకొనగా, మూడవదానికి ఏ వంతు మిగులును? విద్యార్థులు కాగితముపై గీచి చూడవచ్చును. పొరుగువారి నడుమ శాంతికి బిగ్గరగా పలుకుట గాక, వంతు నెరుగుటయే మార్గము.