గెల తూకం, నూనె లెక్క

ఒకప్పుడు రైతు తన నువ్వులు తానే గానుగ దగ్గరకు తీసుకుపోయేవాడు. ఎద్దు తిరుగుతున్నంతసేపూ అక్కడే కూర్చునేవాడు. ఎన్ని నువ్వులకు ఎంత నూనె దిగిందో, ఎంత చెక్క మిగిలిందో కళ్ళారా చూసి, గానుగవాడి కూలి ఇచ్చి, నూనెకుండ ఇంటికి తెచ్చుకునేవాడు. ఆ కాలాన్ని ఆదర్శంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. గానుగవాడి దారిద్ర్యమూ, రైతు నెత్తిన షావుకారి అప్పూ ఆనాడూ ఉన్నవే. కాని కొలత మాత్రం రైతు కళ్ళముందు జరిగేది. ఈనాడు దమ్మపేట, అశ్వారావుపేట ప్రాంతపు పామాయిలు రైతుకు లేనిది సరిగ్గా అదే. సహకారం పేరిట ఇక్కడ నడిచిన మూడు దశాబ్దాల చరిత్రను ఈ లోపం వైపునుంచి చూడకపోతే దాని స్వభావం మనకు అంతుపట్టదు.

వంటనూనెల దిగుమతి భారం పెరిగిపోతున్నదని కేంద్రప్రభుత్వం 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్‌ను ప్రారంభించింది. పామాయిలు సాగుకు అనువైన నేలలేవో 1988లో చద్దా కమిటీ గుర్తించింది. తొలుత పశ్చిమగోదావరి మెట్టలో నిలదొక్కుకున్న ఈ పంట, సరిహద్దు దాటి మన అడవి అంచుకు వచ్చింది. ఇక్కడ గెలలు కొని ఆడించే బాధ్యత ఆయిల్‌ఫెడ్‌ది. ఈ సంస్థ పుట్టుకలో ఒక గొప్ప ఆశయం లేకపోలేదు. గుజరాతులో ఆనంద్ పాలరైతులు సాధించినదాన్ని నూనెగింజల రైతులూ సాధించాలని జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ తలపెట్టిన పథకంలోనుంచి వచ్చిన సమాఖ్య ఇది. గ్రామంలో రైతుల సంఘం, ఆ సంఘాల మీద సమాఖ్య, సమాఖ్య చేతిలో ఫ్యాక్టరీ. అనగా ఫ్యాక్టరీకి యజమాని రైతే. కాగితం మీద ఇంతకన్న మంచి ఏర్పాటు దొరకదు.

అయితే పామాయిలు వేరుసెనగ వంటి పంట కాదు. వేరుసెనగ కాయను గాదెలో పోసి, ధర వచ్చేవరకు నెలా రెండు నెలలు ఆగవచ్చు. కోసిన పామాయిలు గెలను ఇరవైనాలుగు గంటల్లో ఆడించాలి. ఆలస్యమైతే ఆమ్లం పెరిగి నూనె చెడుతుంది. మొక్క నాటిన నాలుగో ఏటగాని పంట చేతికి రాదు, వచ్చిన తరువాత పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు ఆ చెట్టును వదిలించుకోవడం కుదరదు. ఆగే వీలు లేని సరుకు, మార్చే వీలు లేని పంట. చట్టం లేకపోయినా దగ్గరి ఫ్యాక్టరీకి రైతు కట్టుబడి ఉండవలసిందే. 1993 నాటి ఆంధ్రప్రదేశ్ ఆయిల్‌పామ్ చట్టం ఈ కట్టుబాటుకు శాసనరూపం ఇచ్చింది. ఏ ప్రాంతపు గెలలు ఏ ఫ్యాక్టరీకి పోవాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. రైతు అక్కడే అమ్మాలి, ఫ్యాక్టరీ కొనాలి, ధర ప్రభుత్వం చెబుతుంది. రైతుకు ఇందులో రక్షణ లేదని అనలేము. కొనేవాడు లేక గెలలు తోటలోనే కుళ్ళే ప్రమాదాన్ని చట్టం తప్పించింది. కాని అమ్మే స్వేచ్ఛను తీసుకున్నప్పుడు దానికి బదులుగా లెక్క చూసే హక్కు ఇవ్వాలి గదా! దానిమాట ఎవరికీ తట్టినట్లు లేదు.

ఆ లెక్క ఏమిటో వివరించక తప్పదు. గెలల బరువులో నూటికి ఎంత నూనె దిగుతుందో దాన్ని రైతులు ‘ఓయీఆర్’ అంటారు. ఆ నూనె విలువలో రైతు వాటా నూటికి 75.25. వ్యవసాయ ధరల కమిషన్ 2012లో గెల ధరను ముడి పామాయిలు ధరలో 13.54 శాతంగా లెక్కగట్టింది. 2021లో కేంద్రం ప్రకటించిన పామాయిలు మిషన్ దాన్ని 14.3 శాతం చేసింది. ఈ రెండు అంకెలనూ 75.25తో భాగించి చూడండి: మొదటిదాని వెనుక 18 శాతం నూనె, రెండోదాని వెనుక 19 శాతం నూనె కనిపిస్తాయి. దశాబ్దంలో జరిగిన మార్పంతా ఆ ఒక్క శాతమే. అది చిన్నదని అనుకోవద్దు. ముడి నూనె టన్ను లక్ష రూపాయలున్నప్పుడు ఒక శాతం తేడా అంటే గెల టన్నుకు 752 రూపాయలు. అయిదెకరాల తోటలో ఏడాదికి నలభై టన్నులు కోసే రైతుకు సుమారు 30,000 రూపాయలు. ఒక పిల్లవాణ్ణి పట్నంలో చదివించే ఖర్చు ఇది.

గెల తూకం రైతు ఎదుట కాటామీద జరుగుతుంది. నూనె శాతం ఫ్యాక్టరీ గోడల వెనుక తేలుతుంది. పచ్చిగెల కలిసిందా, యంత్రం పాతదై నూనె పిప్పిలోనే ఉండిపోయిందా, కాలువలో పోయిందా – నష్టం ఏదైనా శాతం తగ్గితే కోత పడేది రైతుకే. యంత్రానికి జబ్బు చేస్తే గెలకు జరిమానా అన్నమాట! పెదవేగి ఫ్యాక్టరీలో ఎక్కువ శాతం వస్తుండగా ఇక్కడ తక్కువెందుకు చూపుతున్నారని ఈ ప్రాంతపు రైతులు ఏళ్ళ తరబడి అడిగారు, రోడ్డెక్కారు. నేల ఒక్కటే, మొక్క ఒక్కటే, వాన ఒక్కటే. 2014లో రాష్ట్రం విడిపోయి పెదవేగి అటు, అశ్వారావుపేట ఇటు అయిన తరువాత ఈ పోలిక మరింత పదునెక్కింది. దమ్మపేట మండలంలోని అప్పారావుపేటలో కొత్త ఫ్యాక్టరీ లేవడం వెనుక ఈ ఒత్తిడి లేదని ఎవరూ అనలేరు. కొత్త యంత్రాలు వచ్చాయి. కొలిచే గదిలోకి రైతు ప్రతినిధి మాత్రం హక్కుగా అడుగు పెట్టలేదు.

ఈ అనుభవం మన ఒక్కరిదే కాదు. మలేషియాలో 1956లో ఏర్పడిన ఫెల్డా, భూమిలేని పేదలకు తోటలిచ్చి స్థిరపరచింది. అక్కడి రైతులు కూడా నూనె శాతం తక్కువ కట్టారని కోర్టుకెక్కవలసి వచ్చింది.

మన తెలుగునేలమీదే మరో దారి లేకపోలేదు. విశాఖ జిల్లా ఏటికొప్పాకలో 1933లోనే చెరుకు రైతులు సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. చెరుకులోనూ రికవరీ శాతం తగాదా ఉన్నదే. కాని అక్కడ చెరుకు తోలే రైతు వాటాదారు; మహాసభలో లేచి ‘లెక్క చూపించండి’ అని అడగగలడు. ఆ ఫ్యాక్టరీలు తరువాత ఎందుకు చితికిపోయాయన్నది మరో వ్యాసానికి తగిన విషయం. ఆయిల్‌ఫెడ్‌లో ఆ మహాసభే బలహీనం. అధ్యక్షుణ్ణి ప్రభుత్వం నియమిస్తుంది, నడిపే అధికారిని ప్రభుత్వం పంపుతుంది. సహకార సంఘాలకు ప్రభుత్వ పెత్తనంనుంచి విముక్తి కలిగించే పరస్పర సహాయక సంఘాల చట్టాన్ని దేశంలో మొదట తెచ్చింది మన రాష్ట్రమే, 1995లో. పామాయిలు రైతును ఫ్యాక్టరీకి కట్టివేసి అప్పటికి రెండేళ్ళే అయింది. ఒకే శాసనసభ ఒక చేత్తో ముడివేసి, మరో చేత్తో మరెవరికో ముడి విప్పింది.

ఇంతవరకు రైతు అని ఏకవచనంలో వ్రాశాను. అది పూర్తిగా సరికాదు. దమ్మపేట మండలంలో పెక్కు గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతం. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1959 నిబంధన, దాన్ని గట్టిపరచిన 1970 సవరణ చెబుతున్నాయి. అయినా నీరూ పెట్టుబడీ గల పెద్ద తోటలు ఎవరి చేతిలో ఉన్నాయో ఈ దారిన బస్సులో పోయే ఎవరికైనా తెలుసు. కోయలకు కూడా సహకారం పేరున ఒక సంస్థ ఉన్నది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థకు చిల్లర అటవీ ఉత్పత్తులు కొనే గుత్తహక్కును 1979 నిబంధన కట్టబెట్టింది. తోట రైతుకు ఆయిల్‌ఫెడ్, అడవి మనిషికి గిరిజన కార్పొరేషన్. రెండూ సహకార సంస్థలే, రెండింటికీ చట్టం కాపలా, రెండింటా అమ్మేవాడికి పెత్తనం లేదు. వీరిద్దరూ తమ కష్టం ఒకటేనని ఎన్నడూ ఒక వేదికమీద చెప్పుకోలేదు. ఒకరి తోటలో మరొకరు కూలి కావడమే ఇందుకు కారణం. పైగా నాట్లు, కలుపు, పత్తి ఏరడం వంటి పనులతో ఆడకూలీలకు దొరికే దినాలు పామాయిలు తోటలో దొరకవు. పొడవాటి గడకు కొడవలి కట్టి గెలలు దించేది మగవాడు. వరికి లేచి పామాయిలుకు పడుకునే భూమిలో ఆమె పని ఎక్కడికి పోయిందో ఏ సమాఖ్య నివేదికా లెక్కించదు.

ధర సంగతికి వస్తే, 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా ఎగుమతులు ఆపగానే ఇక్కడ గెల టన్ను 20,000 రూపాయలు దాటింది. ఆ తరువాత పడిపోయింది. ముడి నూనెపై మూల దిగుమతి సుంకాన్ని కేంద్రం 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచి, 2025 మేలో 10కి దించింది. జకార్తాలో, ఢిల్లీలో వేసే సంతకాలను దమ్మపేట రైతుసంఘం ఆపలేదు. కాని నూనె శాతం జకార్తాలో తేలదు, అప్పారావుపేటలోనే తేలుతుంది. ఎన్నికైన రైతుల సంఘం ప్రయోగశాలలో కూర్చోవడం, పిప్పిలో మిగిలిన నూనెను కూడా కొలిచి రోజూ గేటు దగ్గర పలకమీద వ్రాయడం, యంత్రలోపం వల్ల వచ్చే నష్టాన్ని ఫ్యాక్టరీ ఖాతాలో వేయడం – ఈ మూడింటికీ కొత్త చట్టం కూడా అక్కరలేదు, నిజంగా ఎన్నికలు జరిగే సమాఖ్య చాలు. ఆ కోరికతో రైతులు గేటు దగ్గర నిలబడినప్పుడు గెల దించే కూలీ వారి వెనుక నిలబడతాడా? అది, అతని టన్ను కూలి సంగతి వచ్చినప్పుడు అదే రైతుసంఘం ఏమి సమాధానం చెప్పిందన్నదాన్ని బట్టి ఉంటుంది.