పార్వతీపురంలో 565, ఫ్లోరిడాలో 537

2000 డిసెంబరు 10, ఆదివారం. ఫ్లోరిడాలో మాకింకా పొద్దుటి కాఫీ వేళ. పార్వతీపురంలో దీపాలు పెట్టే వేళకు చిన్నాన్న ఎస్‌టీడీ బూతుకు వెళ్లి ఫోన్ చేశాడు. మీటరు తిరుగుతుంటే మాటలు పొదుపుగా వాడే మనిషి. ఆ రోజు పిల్లల యోగక్షేమాలు కూడా అడగలేదు.

"ఏటిరా, మీకాడ ఓట్లు లెక్కెడతంటే కోర్టోళ్లు ఆపీమన్నారట! నిజమేనా?"

నిజమే అన్నాను.

"లెక్కెట్టకుండా ఎవులు గెలిసారో ఎలాగ తెలుస్తాది?"

తరువాత వివరంగా చెప్తానన్నాను. ఇక్కడ పౌరసత్వం వచ్చింది, ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రంలో పనిచేసే అవకాశమూ వచ్చింది. ఆ "తరువాత" మాత్రం రాలేదు. చిన్నాన్న అడిగింది మామూలు ప్రశ్న కాదు. కొద్ది ఓట్ల తేడాతో పోయిన ఎన్నిక, దాని మీద కోర్టు కేసు మా ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలిసిన సంగతులు. నేను పుట్టకముందే జరిగినా నాకూ వినికిడి మీద వచ్చాయి.

1957 ఎన్నికల్లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. ఒక స్థానం జనరల్, ఒకటి గిరిజనులకు రిజర్వు. అప్పుడు మనది శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లాలోకి వెళ్లి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా అయింది. జనరల్ స్థానానికి నిలబడిన వి.వి.గిరిని మనవాళ్లకు ఒకరు పరిచయం చెయ్యనక్కర్లేదు. 1937లో బొబ్బిలి రాజానే బొబ్బిలిలో ఓడించిన మనిషి. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. అంతటి మనిషికి 1957లో వచ్చిన ఓట్లు 1,24,039. డిప్పల సూరిదొరకు 1,24,604. తేడా 565.

ఆ రోజుల్లో బ్యాలెట్ కాగితం మీద ముద్ర వెయ్యడం లేదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు. తెర వెనక్కి వెళ్లి నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావడమే. ఇద్దరు సభ్యుల నియోజకవర్గం కాబట్టి చేతికి రెండు కాగితాలిచ్చేవారు. చదువు రాని మనిషి మనసులో మాట కూడా ఆ పెట్టెలో స్పష్టంగా పడేది. అందుకే ఎవరికెన్ని ఓట్లన్నది అక్కడ తగాదా కాలేదు. తగాదా వేరే చోట మొదలైంది.

రిజర్వు స్థానం గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చిన బిడ్డిక సత్యనారాయణకు పోయింది. మిగిలిన స్థానానికి తరువాత ఎక్కువ ఓట్లున్న సూరిదొర ఎన్నికయ్యారు. గిరి రెండు ప్రశ్నలు వేశారు. రిజర్వు స్థానానికి నామినేషన్ వేసిన మనిషిని జనరల్ స్థానంలో గెలిచినట్టు ప్రకటించవచ్చా? అసలు సూరిదొర ఇంకా గిరిజనుడేనా? మూక దొరల్లో పుట్టినా ఆయన కుటుంబం క్షత్రియుల ఆచారాలు పాటిస్తోంది, దస్తావేజుల్లో క్షత్రియులమనే రాసుకుంటోంది అన్నది గిరి వాదన. పాత కాగితాల్లో మూక దొరలని, తరువాతి కాగితాల్లో క్షత్రియులని ఉన్న మాట వాస్తవమే. 1959లో సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఎక్కువమంది తరఫున జస్టిస్ గజేంద్రగడ్కర్ తీర్పు రాశారు. తాము ఫలానా అని తాము చెప్పుకున్నంత మాత్రాన పుట్టుకతో వచ్చిన కులం మారిపోదన్నారు. గిరి ఓడిపోయారు. ఆ ఇద్దరు సభ్యుల పద్ధతిని 1961లో చట్టం చేసి ఎత్తేశారు.

మన పద్ధతిలో ఒక్క సంగతి ఇక్కడివాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఆశ్చర్యపోతారు. ఎన్నిక మొదలయ్యాక ఫలితం వచ్చేదాకా కోర్టు మధ్యలో వేలు పెట్టకూడదని రాజ్యాంగం 329వ అధికరణం చెబుతోంది. మొదటి ఎన్నికల్లో నామక్కల్ నుంచి నామినేషన్ తిరస్కరించారని పొన్నుస్వామి అనే అభ్యర్థి కోర్టుకు వెళ్తే, 1952లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. ముందు లెక్క అవ్వాలి, గెలిచినవాడి పేరు ప్రకటించాలి. ఆ తరువాత 45 రోజుల్లో పిటిషన్ వేసుకోవచ్చు. 1966 దాకా ట్రిబ్యునళ్లు వినేవి, ఆ తరువాత నేరుగా హైకోర్టులు.

అమెరికా అధ్యక్ష ఎన్నికలో తోవ వేరు. ఇక్కడ ప్రజలు వేసిన ఓటుతో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఎలెక్టర్లను ఎన్నుకుంటుంది, అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది వాళ్లు. వాళ్లు సమావేశమయ్యే రోజు, ఆ ఓట్లను కాంగ్రెస్ లెక్కించే రోజు, కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసే రోజు అన్నీ ముందే రాసి పెట్టి ఉంటాయి. తగాదా ఎంత పెద్దదైనా ఆ తేదీల్లోపలే తేలాలి.

ఈ తేదీల వెనక ఒక పాత గాయం ఉంది. 1876 ఎన్నికలో శామ్యూల్ టిల్డెన్‌కు 184 ఎలెక్టోరల్ ఓట్లు వచ్చాయి, గెలవడానికి ఒక్కటి తక్కువ. ఫ్లోరిడా, లూసియానా, దక్షిణ కరోలినా, ఆరెగాన్‌లలో కలిపి 20 ఓట్లు తగాదాలో పడ్డాయి. తీర్పు చెప్పడానికి 15 మందితో కమిషన్ వేశారు. అందులో అయిదుగురు సెనేటర్లు, అయిదుగురు ప్రతినిధుల సభ సభ్యులు, అయిదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు. ఏ పక్షమూ కాదని అందరూ నమ్మిన జస్టిస్ డేవిడ్ డేవిస్‌ను సరిగ్గా అప్పుడే ఇలినాయ్ శాసనసభ సెనేట్‌కు ఎన్నుకుంది. ఆయన తప్పుకోగా జస్టిస్ బ్రాడ్లీ వచ్చారు. ఓటు తర్వాత ఓటు ఎనిమిది-ఏడుగా తేలి, ఇరవైకి ఇరవై రూథర్‌ఫర్డ్ హేస్‌కు పోయాయి, 185-184.

తెర వెనక జరిగిన రాజీకి నల్లజాతివాళ్లు వెల చెల్లించారు. 1877 ఏప్రిల్‌లో దక్షిణ కరోలినా, లూసియానా రాజధానుల్లో వాళ్ల పక్షపు ప్రభుత్వాలకు అండగా ఉన్న కేంద్ర సైన్యాన్ని వెనక్కి పిలిచారు. బానిసత్వం పోయి పన్నెండేళ్లయినా కాని మనుషుల చేతిలోంచి ఓటు మళ్లీ జారిపోయింది. చాలాచోట్ల 1965లో ఓటు హక్కు చట్టం వచ్చేదాకా తిరిగి చేతికి రాలేదు. ఇక్కడ ఏ పోలింగ్ కేంద్రంలోనైనా ముసలి నల్లజాతి స్త్రీలు ఆదివారం చర్చికి వచ్చినట్టు మంచి బట్టలు కట్టుకుని వస్తే నాకు గొంతు పట్టేస్తుంది. వాళ్ల అమ్మలకు లేనిది వాళ్లు వాడుకుంటున్నారు.

మళ్లీ అలాంటి రభస రాకూడదని 1887లో చట్టం చేశారు. ఎలెక్టర్లు కలిసే రోజుకు ఆరు రోజుల ముందే రాష్ట్రం తన తగాదా తేల్చుకుంటే ఆ ఫలితాన్ని కాంగ్రెస్ మన్నించాలని అందులో రాశారు. 2000లో ఆ గడువు డిసెంబరు 12న పడింది.

ఆ ఏడు దేశమంతా కలిపి చూస్తే అల్ గోర్‌కు అయిదు లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ. కానీ ఫ్లోరిడా ఎవరిదైతే పీఠం వాళ్లది. నవంబరు 26న ఫ్లోరిడా అధికారికంగా ప్రకటించిన లెక్కలో జార్జ్ బుష్ ఆధిక్యం 537. రాష్ట్రంలో పడిన ఓట్లు దాదాపు 60 లక్షలు.

ఇక్కడ గొడవంతా ఒక అట్టముక్క దగ్గర. అప్పట్లో చాలా కౌంటీల్లో ఓటంటే అట్ట కార్డు మీద చిన్న పుల్లతో పొడిచి చిల్లు పెట్టడం. చిల్లు పూర్తిగా పడితే ముక్క ఊడి కింద పడుతుంది. సరిగా పొడవకపోతే ఒక మూలో రెండు మూలలో పట్టుకుని వేలాడుతుంది. ఒక్కోసారి కార్డు మీద సొట్ట మాత్రమే పడుతుంది. లెక్కించే యంత్రానికి అది ఖాళీ ఓటు. బ్రౌవర్డ్ కౌంటీ జడ్జి ఒకాయన కార్డును కళ్లకు దగ్గరగా ఎత్తి, కళ్లద్దాల వెనక కళ్లింత చేసుకుని చూస్తున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. పామ్ బీచ్ కౌంటీలో పేర్లు రెండు వైపులా, చిల్లులు మధ్యలో. ఎడమ వరసలో గోర్ పేరు రెండోది, రెండో చిల్లు మాత్రం కుడివైపున్న మరో అభ్యర్థి ప్యాట్ బుకానన్‌ది. ఆ ఒక్క కౌంటీలో బుకానన్‌కు 3,407 ఓట్లు వచ్చాయి. రెండు చిల్లులు పడి చెల్లకుండా పోయినవి 19 వేల పైన.

డిసెంబరు 8న ఫ్లోరిడా సుప్రీంకోర్టు 4-3 తేడాతో, యంత్రం ఖాళీ అని వదిలేసిన ఓట్లను రాష్ట్రమంతటా చేత్తో లెక్కించమంది. 9న లెక్క మొదలైంది. అదే రోజు అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆపమంది. చిన్నాన్న చెవిన పడింది ఆ వార్తే. 12 రాత్రి పది గంటల వేళ తీర్పు వచ్చింది. ఒక కౌంటీలో వేలాడే ముక్కను ఓటుగా తీసుకుని, ఇంకో కౌంటీలో తీసుకోకపోతే ఓటర్లందరినీ సమానంగా చూసినట్టు కాదన్నారు. ఆ మాటలో న్యాయముంది, ఏడుగురు న్యాయమూర్తులకు ఆ పద్ధతిలో తప్పు కనబడింది. అలాగైతే అందరికీ ఒకే కొలత పెట్టి లెక్కించమనాలి కదా? గడువు ఈ రాత్రితో సరి, ఇక వేళ లేదు అన్నారు అయిదుగురు. లెక్కను మూడు రోజుల ముందు ఆపించింది వాళ్లే. నాకు మింగుడుపడనిది అక్కడే. 1876 లాంటి అన్యాయం మళ్లీ జరగకూడదని రాసుకున్న తేదీ, 2000లో ఓట్లు లెక్కపెట్టకపోవడానికి కారణమైంది. మర్నాడు గోర్ ఓటమి ఒప్పుకున్నారు.

మన పద్ధతి గొప్పదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. 2018లో జరిగిన కొత్తగూడెం అసెంబ్లీ ఎన్నిక చెల్లదని తెలంగాణ హైకోర్టు చెప్పింది 2023 జులైలో. మరో కొద్ది నెలల్లో మళ్లీ ఎన్నికలే. ఓటరుకు అది న్యాయం కాదు. అయినా లెక్క పూర్తికాకుండా కోర్టు అడ్డం పడకపోవడం మన రాజ్యాంగం చేసిన మేలు అనే అంటాను. ఆలస్యమైన తీర్పుకు కనీసం లెక్కలన్నీ ముందుంటాయి.

ఇంకో మేలు కూడా ఉంది, అందులోనూ గిరి ఉన్నారు. 1969లో నీలం సంజీవరెడ్డి మీద గెలిచి ఆయన రాష్ట్రపతి అయ్యారు. సంజీవరెడ్డి మీద నీచమైన కరపత్రం పంచారని ఆ ఎన్నిక మీద సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషన్లు కొట్టేశారు. 565 ఓట్ల కేసులో వాది అయిన మనిషే పదకొండేళ్ల తరువాత అదే కోర్టులో ప్రతివాది.

మొన్న సంక్రాంతికి వీడియో కాల్‌లో ఇదంతా చిన్నాన్నకు చెప్పాను. ఇప్పుడు మీటరు లేదు కాబట్టి ఆసాంతం విన్నాడు.

"మరి ఆ కారుడులు ఏటి సేసారు? సింపీసారా?"

లేదన్నాను. ఏడాది తిరక్కుండా పెద్ద పత్రికలన్నీ కలిసి 1,75,010 కార్డుల్ని ఒక్కొక్కటీ చూపించి రాయించాయని, ఫలితం 2001 నవంబరులో వేశాయని చెప్పాను. ఫ్లోరిడా కోర్టు చెప్పినట్టు ఖాళీవి మాత్రమే లెక్కిస్తే బుష్షే గెలిచేవారు, చెల్లలేదని పక్కన పెట్టినవన్నీ రాష్ట్రమంతటా లెక్కిస్తే గోర్ కొద్దిలో గెలిచేవారు.

చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే లెక్కెట్టారన్నమాట" అన్నాడు.

"పెట్టారు చిన్నాన్నా. ఆయన కుర్చీలో కూకున్నాక."